పిల్ల లావోస్ పోయిన పన్నెండు రోజులు

మా కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలందరికీ ఒకే పుస్తకం ఇస్తారు. సైన్సు వాళ్లకూ అదే, కామర్సు వాళ్లకూ అదే. పరీక్షలో రాదు, మార్కులు లేవు. ఏడాది పొడుగునా అందరూ దాన్నే చదివి, దాని గురించే మాట్లాడుకోవాలి. చివర్లో ఒక పదిమందిని ఏరి, ఆ పుస్తకం ఏ దేశం గురించి రాసిందో ఆ దేశానికి తీసుకుపోతారు. ఖర్చు కాలేజీదే. ఈ ఏర్పాటు విన్నప్పుడు నాకు పిచ్చిపని అనిపించింది. చదివితే సరిపోదా, మళ్లీ పోయి చూసి రావాలా అనుకున్నాను. ఒక ఏడాది ఇచ్చిన పుస్తకం పుణ్యాన నేను పెళ్లితో వదిలించుకున్న మగ్గం గుంతలో, అరవై దాటాక మళ్లీ కాళ్లు పెట్టాను.

మా కాలేజీ అన్నానని నన్ను పంతులమ్మ అనుకోవద్దు. అనంతపురంలో ఆ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిని. పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. ఆరేళ్లకే మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. జాకార్డు అట్టలు మా ఇంటికి రాకముందు చీరలో బుట్టా పువ్వు లేవాలంటే, పైనుంచి వేలాడే దారాలను పక్కనున్న మనిషి వరస తప్పకుండా లాగాలి. ఆ మనిషిని నేను. కొంచెం పెద్దయ్యాక అంచు దారం అటూ ఇటూ విసిరే నాడె నా చేతికిచ్చారు. బడి మా వీధి చివర్లోనే ఉండేది. దాని గోడ తెలుసు నాకు, లోపల ఎట్లా ఉంటుందో తెలియదు. కళ్యాణదుర్గం పక్కన, మగ్గం వదిలేసి చెనక్కాయ సేద్యం పట్టుకున్న మావాళ్ల ఇంటికే నన్నిచ్చారు. ఎండలో నడుము విరిగినా సరే, గుంతలో కాళ్లు పెట్టే పని తప్పిందని సంతోషించాను. వానలు లేక ఆ సేద్యమూ పోయింది, తర్వాత ఆయనా పోయాడు. నేను గరిటె పట్టుకున్నాను.

యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. హాస్టల్లో ప్రతి పిల్ల కంచం మీదా పేరు కొట్టించి ఉంటుంది. ఒకరి కంచం ఇంకొకరికి పోతే జగడం. కంచాలు కడిగి పంచేదాన్ని నేను గనుక తిట్లు నాకే. ఆ కసితో ఒక్కో పేరూ అడిగి అడిగి నేర్చుకున్నాను. పేర్లలోంచి అక్షరాలు వచ్చాయి, అక్షరాల్లోంచి మాటలు. ఇప్పుడు ఏదైనా చదువుతాను, కాకపోతే వరస కింద వేలు పెట్టుకోవాలి. రోజుకు ఒక పేజీ. తొందరెవరికి?

ఆ ఏడాది ఇచ్చిన పుస్తకం లావోస్ దేశంలో ఒక నేతగత్తె రాసింది. దాని తెలుగు అనువాదం కూడా ఇచ్చారు. ఆ పుస్తకం పంచిన రోజు సాయంత్రమే ఒక పిల్ల వంటింట్లోకి వచ్చింది. ధర్మవరం పిల్ల, సన్నగా ఉంటుంది, రెండు ముద్దలు తిని లేస్తుంది. నేనూ ధర్మవరందాన్నని తెలిసినప్పటి నుంచి నా చుట్టూ తిరిగేది.

"అవ్వా, ఈడ మన మగ్గం గురించి రాసినారు. కానీ మగ్గం నేల మింద ఉండాదంట, ఇల్లు దాని మింద ఉండాదంట" అంది.

అది అబద్ధం అన్నాను. కాదట. అక్కడ ఇళ్లు స్తంభాల మీద కడతారు, ఆ ఇంటి కింద నీడలో మగ్గం, మగ్గం కింద కోళ్లు. మనలాగా గుంత తవ్వి కాళ్లు దింపరు. నాకు పుస్తకం లేదు కదా, తనదే నాకు వదిలేసి తను పక్క పిల్లతో కలిసి చదువుకునేది. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జి టిఫిను అయిపోయాక భోజనాల గదిలో పిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు పైకి చదివేవాళ్లు. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ వినేదాన్ని. మిగతా పిల్లలకు అర్థం కాని చోట మా ఇద్దరికీ నవ్వు వచ్చేది. ఒకచోట ఆ రచయిత్రి పట్టుదారం పొద్దుటి చల్లదనంలో మాట వింటుందనీ, మధ్యాహ్నం అలుగుతుందనీ రాసింది. ధర్మవరంలో పుట్టిన పసిబిడ్డనడిగినా చెప్తుంది ఆ మాట. కానీ ఎక్కడో కోళ్ల మధ్య కూర్చున్న మనిషి చెప్తే ముచ్చటగా ఉండింది.

కాలేజీలో నెలకోసారి ఈ పుస్తకం మీద మాటలు జరిగేవి. ఒకసారి టీలు పట్టుకుపోయాను. నడిపే మేడం ఆ పుస్తకంలోంచి ఒక మాట బోర్డు మీద రాసి పెట్టింది. తమకు బడి లేకపోయినా మగ్గమే పలక అయ్యిందనీ, దారాలే అక్షరాలయ్యాయనీ. ఎంత బాగా చెప్పిందో చూడండి అని మేడం మురిసిపోతూ ఉంది. నేను టీలు ఇచ్చేసి పోవచ్చు. పోలేదు.

"మేడం, ఆ మాట తప్పు" అన్నాను.

గదిలో పిల్లలు నవ్వారు. మేడం నవ్వలేదు, ఎందుకు తప్పో చెప్పమంది.

"పన్నెండేండ్లు దారాలు లాగినాను నేను. నాకొక్క అక్షరం కూడా రాలేదు. బస్సు మింద ఊరి పేరు చదవలేక పక్కోళ్లను అడుక్కున్యాను. దారం దారమే, అక్షరం అక్షరమే. రెండూ ఒకటని చెప్పేవాండ్లు బడికి పోయినోళ్లు."

అట్లా అనకూడదేమోనని తర్వాత అనిపించింది. కానీ మేడం మంచిది. టీ గ్లాసులు పక్కన పెట్టించి నన్ను పిల్లల మధ్య కూర్చోబెట్టింది. అప్పటి నుంచి ప్రతి నెలా నాకో కుర్చీ.

ఏడాది చివర మేడం అందరినీ ఒక పని చేయమంది. ఆ దేశం పోతే, ఆ రచయిత్రి ఎదురుగా కూర్చుంటే, ఏం అడుగుతారో ఒక్క ప్రశ్న రాసివ్వాలి. ఆ ప్రశ్నలు చూసే పదిమందిని ఏరతారు. పిల్లలు పెద్ద పెద్ద మాటలు రాశారు. మా ధర్మవరం పిల్ల ఒక్క వరస రాసింది: మీరు ఈ పుస్తకం రాసుకుంటున్నప్పుడు మీ మగ్గం మీద ఎవరు కూర్చున్నారు?

ఆ పిల్ల పేరు లిస్టులో మొదటే ఉండింది.

పోలీసులు ఇంటికి వచ్చి అడిగిపోయారు, పాస్‌పోర్టు వచ్చింది, వీధంతా తెలిసింది. అన్నీ అయ్యాక తండ్రి సంతకం ఒక్కటి మిగిలింది. ఆయన చేయనన్నాడు. పిల్ల వంటింట్లో ఎసరు ముందు నిలబడి ఆ మాట చెప్పింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఎందుకు చేయనన్నాడో నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్లది ఇద్దరు మనుషుల మగ్గం. చీర ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు, ఆ అంచు జానెడు వెడల్పు. రెండు రంగుల దారాలూ కలిసే చోట, పోగు పోగుకూ ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. నేసే మనిషి ఒక నాడె విసిరితే, అంచు దగ్గర కూర్చున్న మనిషి ఇంకో నాడెతో ఆ దారాన్ని పట్టి మెలేసి వదలాలి. వాళ్లమ్మ మణికట్టుకు ఆపరేషన్ అయ్యింది, ఆ చేయి తిరగదు. కాలేజీ జరిగే నెలల్లో ఆయన ఒక్కడే నేయగల చీరలు నేసుకుంటాడు. పెద్దంచు చీర మాత్రం ఒక్కటి, కూతురు సెలవులకు వస్తుందని ఎండాకాలానికి ఒప్పుకుంటాడు. ఈసారి ఒప్పుకున్నది పెళ్లికూతురు చీర. ముహూర్తం కదలదు. ప్రయాణం సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది.

కాలేజీలో ఈ లెక్క ఎవరికీ తట్టలేదు. సెలవులు ఖాళీ రోజులని వాళ్ల నమ్మకం.

పరీక్షలు అయిపోయి హాస్టల్ మూసిన రోజు నేను కళ్యాణదుర్గం బస్సు ఎక్కలేదు. పిల్లతో పాటు ధర్మవరం బస్సు ఎక్కాను. దారిలో ఆ పిల్ల నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వాళ్ల నాయన గుంతలో ఉన్నాడు. పెళ్లి చీర పడుగు ఎక్కించి, దాని ముందుండే ఉత్త నేత ఒక్కడే నేస్తున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి, అప్పుడే కళ్లద్దాలు. నేను ఫలానా అని పిల్ల చెప్పింది. ఆయన నాడె ఆపకుండానే కూర్చోమన్నాడు. నేను చుట్టూ తిప్పి మాట్లాడే మనిషిని కాను. పిల్లను పంపమని అడిగాను.

"మాటిచ్చినాను పెద్దమ్మా. రేపు పెండ్లిలో ఆ పెండ్లికూతురు పీటల మింద దేంతో కూచుంటాది? నాకు పంపకూడదని ఉండాదా?" అన్నాడు.

"అంచు పక్క నేను కూచుంటా."

అప్పుడు నాడె ఆగింది. తలెత్తి నా ముఖం కాదు, నా చేతులు చూశాడు. అరచేతుల్లో గరిటె కాయలు, వేళ్ల మీద నూనె చిట్లిన మచ్చలు.

"ఇది సంగటి గెలకడం కాదు" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచి తెలుసు నాకు, అది సంగటి కాదని. జరుగు" అన్నాను.

దిగాను. దిగడానికే పిల్ల చేయి పట్టుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి. నాడె చేతికి తీసుకున్నాక ఒక పది పోగులు తడబడ్డాయి. తర్వాత చేయి దాని పని అది చేసుకుంది. నాకు సంతోషం కలగలేదు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. కంచాల మీద పేర్లు నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది నాకు. ఇది మాత్రం, నేను అక్కర్లేదని విసిరేసిపోయిన పని, ఎక్కడికీ పోకుండా నా వేళ్లలోనే కూర్చుని ఉండింది.

బెత్తెడు నేశాక ఆయన వంగి అంచు తడిమి చూశాడు. బాగుందని అనలేదు. సంతకం చేయాల్సిన కాగితం ఎక్కడుందని కూతుర్ని అడిగాడు.

పిల్ల పోయింది. మొదటి రెండు రోజులు నాకు కాళ్లూ నడుమూ తప్ప ఇంకేమీ గుర్తులేదు. తెల్లవారగానే మొదలు, ఎండ ముదిరితే దారం తెగుతుందని గుంత పక్కన తడి గోనెలు పరచడం, మళ్లీ మొదలు. జరీ పోగు కంటికి ఆనేది కాదు. దారం తెగి నేను ముడి కోసం తడుముకుంటుంటే ఆయన ఊరుకునేవాడు కాదు. పెద్దమ్మా, ఉప్పు సరిపోయిందా చూసుకుంటాండావా అని ఎత్తిపొడిచేవాడు. నేనూ ఊరుకోలేదు. మీ నాయన నేసిన చీరలు మా వీధిలో దుప్పట్లుగా వాడేవాళ్లమని చెప్పాను. వాళ్ల నాయనను నేనెన్నడూ చూడలేదు.

మూడో రోజు ఆయన ఉన్నట్టుండి అడిగాడు. "ఆ పొత్తకంలో ఏముండాది పెద్దమ్మా? ఏడాదంతా ఆ పిల్ల దాన్నే పట్టుకోనుండ్య. నేనడగలా. అడిగితే నాకు చదవడం రాదని అనుకుంటాదేమోనని."

నీకు చదవడం వచ్చా అంటే, వచ్చుగానీ పుస్తకం ఎప్పుడూ చదవలేదన్నాడు. సరే, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఇల్లు పైన, మగ్గం కింద. ఆ మగ్గానికి జాకార్డు లేదు. అయినా ఒక పువ్వు నేసిన తర్వాత ఆ పువ్వును పారేసుకోరు. నిలువుగా వేలాడే దారాల గుత్తిలో సన్నటి వెదురు పుల్లలు దూర్చి దాచుకుంటారు. పదేళ్ల తర్వాతైనా ఆ పుల్లల్ని వరసగా జరుపుకుంటూ పోతే అదే పువ్వు మళ్లీ లేస్తుంది. ఇది చెప్పేసరికి ఆయన పట్టు వదలలేదు. ఎన్ని పుల్లలు, పుల్ల ఎక్కడ దూరుస్తారు, ఒకరే చేస్తారా ఇద్దరా. నేను గాలిలో చేతులతో చూపించాను. ఆ రచయిత్రి వాళ్లమ్మ చనిపోతూ కూతురికి ఒక సగం పువ్వు ఉన్న గుత్తి వదిలిపోయింది, మిగతా సగం ఏమై ఉంటుందా అని కూతురు ఊహించుకుని నేస్తుంది. ఆ కథ నేను చెప్తున్నా, ఆయన నాడె విసురుతూనే ఉన్నాడు, నేనూ వేస్తూనే ఉన్నాను. అట్లా అనుకున్నాం.

వాళ్లావిడ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు కింద పెడుతూ మగ్గం మీద చీర వైపు చూసి ఆగిపోయింది. మా ఇద్దరికంటే ముందు ఆమె కన్ను పట్టింది. ఒంటికీ అంచుకూ మధ్య వెలుతురు కనబడుతోంది. కథలో పడి నేను మెలెయ్యడం మానేశాను, మెలి పడలేదని ఆయన చూసుకోలేదు. జానెడు మేర చీర వేరు, అంచు వేరు. వేలు పెడితే దూరిపోయే సందు.

"ఎవరు కట్టుకుంటారు దీన్ని? పెండ్లికూతురు ఒంటికి చీర కట్టి, అంచు చేత్తో పట్టుకోని నడవల్లనా?" అంది ఆమె.

ఇద్దరం తలలు వంచుకుని మజ్జిగ తాగాం. సాయంత్రం దాకా పోగు పోగూ ఊడదీశాం. జరీ నలగకుండా తీయడం నేయడం కంటే కష్టం. ఆ జానెడుతో ఒక రోజు పోయింది మాకు. పెళ్లివాళ్లు పద్నాలుగో రోజు వస్తారు. ఉన్నదే లెక్కబెట్టినట్టు ఉన్న రోజులు. పిల్లను పంపమని నోరు పెట్టుకుని వచ్చినదాన్ని, ఆ పిల్ల తండ్రి మాట పోయే పని నా చేతులతోనే చేశాను. ఆ రాత్రి ఆయన మాత్రం పడుకోబోతూ, ఆ సగం పువ్వు చివరికి ఎట్లొచ్చింది పెద్దమ్మా అని అడిగాడు. రేపు నాడెలో దారం కండె మార్చేటప్పుడు చెప్తాను, అప్పటిదాకా నోరు మూసుకుందాం అన్నాను.

అప్పటి నుంచి అదే పద్ధతి. నాడె నడిచేటప్పుడు మాటల్లేవు. కండె అయిపోయినప్పుడు, దారం తెగినప్పుడు కొంచెం కొంచెం. వాళ్లావిడ కూడా సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గరకు వచ్చి కూర్చునేది.

ఏడో రోజు పిల్ల ఫోన్ చేసింది, ముఖం కనబడే ఫోను. ఎండకు నల్లబడింది. వెనక నిజంగానే ఇల్లు పైన, మగ్గం కింద. కోళ్లు కూడా. వాళ్ల నాయన ఫోన్ లాక్కుని పిల్ల ముఖం కాకుండా మగ్గం చూపించమన్నాడు. పడుగు అంత వదులుగా ఉండాదేమప్పా అని తప్పులు పట్టాడు. ఆ వెదురు పుల్లల గుత్తి చూపించినప్పుడు మాత్రం ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి అని చేయి ఊపాడు.

నీ ప్రశ్న అడిగినావా అన్నాను పిల్లను. అడిగిందట. రచయిత్రి నవ్వి వాళ్లక్కను పిలిచిందట. రెండేళ్లు ఆ చెల్లెలు రాసుకుంటుంటే మగ్గం మీద కూర్చున్నది ఆ అక్క.

"ఆయమ్మకు ఇప్పటికీ కోపం అవ్వా. పొత్తకంలో కోళ్ల గురించి కూడా రాసినావు, నా గురించి ఒక్క వరస లేదని తిడతాండాది" అంది పిల్ల.

ఆయమ్మను పిలవమన్నాను. వచ్చింది. నా వయసే, నోట్లో పళ్లు నాకంటే ఎక్కువున్నాయి. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. నా పక్కనున్న అంచు చూపించాను. ఆమె కళ్లు చిట్లించి చూసి, తన మోకాలు తట్టి నొప్పి అన్నట్టు ముఖం పెట్టింది. నేను నా నడుము చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంక చాలు, దుడ్లు అయిపోతాయి, పెట్టేయ్ అన్నాడు ఆయన. అది ఉచితం నాయనా అంది పిల్ల. అయినా పెట్టించేశాడు. చీర మిగిలుంది కదా.

పదమూడో రోజు పొద్దున పిల్ల బెంగళూరు నుంచి బస్సు దిగి వచ్చింది. చీర ఇంకా మూరెడు ఉంది. ఆ ఊడదీసిన రోజు తాలూకు మూరెడు. పిల్ల గుమ్మంలోంచే చూసింది.  సంచి గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని, చున్నీ నడుముకు చుట్టుకుని గుంత దగ్గరకు వచ్చి నా భుజం తట్టింది. నేను లేవడానికి చేయి ఆనించాను.

"నువ్వు కూచో పెద్దమ్మా" అన్నాడు ఆయన.

"నేనొచ్చినాను గద నాయనా. అవ్వకు నడుము పోతాంది" అంది పిల్ల.

"వచ్చినావులే. ఆ దిమ్మె మింద కూచోని నువ్వు చూసింది చెప్పు. చీర మేమిద్దరం ముగించి తెంపుతాం."

పిల్ల మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఆ మగ్గం మీద తన చోట ఇంకొకరు ఉండగా తను పక్కన ఊరికే కూర్చోవడం ఆ పిల్లకు కొత్త.  వాళ్లమ్మ వచ్చి మోచేయి పట్టి కూర్చోబెట్టింది. నాకు నడుము నిజంగానే పోతోంది, కానీ లేస్తానని నేనూ అనలేదు.

ఎక్కడి నుంచి చెప్పాలి అని అడిగింది. మొదటి నుంచి అన్నాడు. విమానంలో చెవులు మూసుకుపోయిన దగ్గర మొదలుపెట్టింది. తర్వాత తిండి. అక్కడ అన్నం జిగురుగా ఉంటుందట, చిన్న వెదురు బుట్టలో పెట్టిస్తారట, చేత్తో ఉండ చేసుకుని కారంలో అద్దుకుని తినాలట. మన సంగటి లాగానేనా అని వాళ్లమ్మ అడిగితే, సంగటి మింగుతాం, దాన్ని నమలాలి అంది. ఎన్నడూ రెండు ముద్దలకు మించి తినని పిల్ల, తిండి గురించి గంటసేపు చెప్పింది. మేం నాడె ఆపినప్పుడు చెప్పేది, నాడె కదిలితే తనే ఆగిపోయేది. ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకు అట్లా చేయమని. మగ్గం ఇంట్లో పుట్టింది, తెలుసు.

సాయంత్రం వెలుతురు ఉండగానే చీర ముగించి మగ్గం మీంచి తెంపాం. పిల్ల కథ అప్పటికి ప్రయాణంలో మూడో రోజు దాకా వచ్చింది.